పద్నాలుగు నూరువరహాలు

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ మాణిక్యాంబ అంటుంది. ఉత్తరం వస్తే లోపలి కాగితం కన్నా ముందు కవరు అంటించిన చోటు చూస్తానట. పాలు పోసే మనిషి చెయ్యి తడిగా ఉన్నా చాలు, నీళ్ళు కలిపాడేమోనని ఆ పూటంతా చిరాకు పడతానట. అవన్నీ నిజమే. కానీ కడియంలో మొక్కల నర్సరీ నడిపేవాడు అనుమానం లేకుండా ఎలా బతుకుతాడు? ఇక్కడ ఎవరి దగ్గర కొత్త రకం పుట్టినా ఏడాది తిరక్కుండా పక్కవాడి దగ్గర దాని పిల్లలు లేచి నిలబడతాయి. ఎలా వెళ్ళిందంటే ఎవడూ చెప్పడు. జేబులో పట్టేంత కొమ్మ ముక్క చాలు. అలాంటి ఊళ్ళో ఇరవై ఏడేళ్ళు నెగ్గుకొచ్చానంటే అదంతా నా అనుమానం చలవే అనుకునేవాణ్ణి.

2007 ఆగస్టులో ఒక పొద్దున్న చిట్టియ్య నన్ను చేత్తో సైగ చేసి పిలిచాడు. చిట్టియ్య నా దగ్గర పద్దెనిమిదేళ్ళుగా కొమ్మలకి అంట్లు కడుతున్న మనిషి. అతను పాతిన కొమ్మ ఎండిపోవడం నేను పెద్దగా చూడలేదు.

"అయ్యగారూ, ఈ కొమ్మ చూడండి" అన్నాడు.

ఎర్ర నూరువరహాల మొక్క అది. మొక్కంతా మామూలు ఎరుపే. ఒక్క కొమ్మకి మాత్రం వెన్నరంగు గుత్తి పూసింది. ఒక్కో పువ్వు నడిమధ్య లేత గులాబీ చుక్క. ఇలా ఒక మొక్కలో ఒక కొమ్మ దారి తప్పి కొత్త రంగు పూయడం ఏ పదేళ్ళకో ఒకసారి జరుగుతుంది. అది నిలబడితే ఇక ఆ రకం మనదే, పేరూ మనం పెట్టిందే. దానికి మా అమ్మాయి వర్షిణి పేరు పెట్టాలని అక్కడ నిలబడే అనేసుకున్నాను.

వెంటనే ఆ గుత్తిని తుంచి మట్టిలో తొక్కేశాను, ఇంకెవరి కంటా పడకూడదని. "ఒరే చిట్టియ్యా, ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీకూడదు" అన్నాను.

"ఆయ్" అన్నాడు.

ఆ కొమ్మని ముక్కలు చేసి మట్టి కవర్లలో పాతితే పద్నాలుగు బతికాయి. నూరువరహాల్లో చిక్కేమిటంటే పూత వచ్చేదాకా అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆ చిక్కు నాకు వరంలా కనిపించింది. పద్నాలుగు కవర్లనీ చివరి వరసలో మామూలు ఎర్రవాటి మధ్య కలిపి పెట్టించాను. విడిగా పెడితే విశేషమని తెలిసిపోదూ? మాటిమాటికీ వెళ్ళి చూస్తే పనివాళ్ళకి అనుమానం వస్తుందని అటు చూడటం కూడా మానేశాను. చిట్టియ్య ఒకటి రెండుసార్లు ఆ మొక్కల గురించి ఏదో చెప్పబోతే నోటి మీద వేలేసి పంపేశాను. గోడలకి చెవులుంటాయంటారు. మా నర్సరీకి గోడలు కూడా లేవు, ఉన్నది నీడకి కట్టిన షేడ్ నెట్టే.

సంక్రాంతి వెళ్ళిన వారానికి అనంతకృష్ణ నర్సరీకి పని మీద వెళ్ళాను. అనంతకృష్ణది కాలవకి అవతల గట్టు. మాకు పేచీలు లేవు, స్నేహమూ లేదు. అతని ఆఫీసు మెట్ల మీద రెండు కుండీలు. వాటిల్లో వెన్నరంగు నూరువరహాలు, నడిమధ్య గులాబీ చుక్క.

మొహం మామూలుగానే పెట్టి "ఎక్కడివండీ ఇవి?" అన్నాను.

అనంతకృష్ణ నవ్వాడు. "దేవుడిచ్చాడండి మూర్తిగారూ" అన్నాడు. మొక్కల వ్యాపారంలో ఆ మాటకి అర్థం నీకు చెప్పనని.

ఇంటికి రాకుండా నేరుగా నర్సరీకి వెళ్ళి చిట్టియ్యని పిలిచాను. చివరి వరసలో ఎండ ఎక్కువగా కొడుతోందని కార్తీకంలోనే ఆ కవర్లని బాట పక్కన నెట్టు కిందికి మార్చాడట. అక్కడికి తీసుకెళ్ళాడు. లెక్కపెట్టాను. పన్నెండు. మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండే.

"మిగతా రెండూ ఏవిరా?"

చిట్టియ్య తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడ్డాడు. "అయ్యగారూ, అది..." అని ఆగిపోయాడు. పక్కన కవర్లు నింపుతున్న ఆడకూలీలు ఇటే చూస్తున్నారు. "పోతే పోయాయిలెండి, పన్నెండున్నాయి కదండీ" అన్నాడు చివరికి.

పోతే పోయాయట! పద్దెనిమిదేళ్ళలో నేను చిట్టియ్యని అనుమానించింది ఆ క్షణమే మొదటిసారి. మొదలయ్యాక నా అనుమానం సంగతి మీకు తెలిసిందే కదా. మర్నాటి నుంచి కూలీలు ఇంటికి వెళ్ళేటప్పుడు సంచులు తెరిచి చూపించి వెళ్ళాలని ఆర్డరు వేశాను.

మూడోరోజు పొద్దున్న వర్షిణి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. వర్షిణి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. కంప్యూటర్ దాని చదువు కోసమే కొన్నా, హాల్లో వీధి గుమ్మానికి ఎదురుగా పెట్టించాను, తెర అందరికీ కనపడేటట్టు. ఇంటర్నెట్టులో నీ పేరు గానీ ఫోటో గానీ పెట్టావంటే వైరు పీకేస్తానని ముందే చెప్పాను. ఆ వేళ కాఫీ గ్లాసుతో వెనక నుంచి వెళ్తూ తెర మీదకి చూశాను. అక్కడ నా నెట్టు, నా బాట, నా నూరువరహాల కవర్లు.

"ఆగు. ఏంటిది?"

వర్షిణి ఉలిక్కిపడింది. "ఆర్కుట్ నాన్నా. ఇంటర్నెట్టులో మా బోటనీ క్లాసు కమ్యూనిటీ."

అదేమిటో చెప్పింది. వాళ్ళ బోటనీ లెక్చరర్ విజయ్ పాల్ ఆ ఏడు ఒక కొత్త పద్ధతి పెట్టాడట. ఒక్కొక్కరూ ఒక్కో మొక్కని ఎంచుకోవాలి. ప్రతి శుక్రవారం దాని ఫోటో తీసి, ఆ వారం దానికేం జరిగిందో అందులో రాయాలి. ఒకరి మొక్క గురించి ఇంకొకరు ప్రశ్నలు వెయ్యాలి, వేసినదానికి మార్కులు. కంప్యూటర్ లేనివాళ్ళకి కాలేజీ ల్యాబ్, ఫోటోలకి ఆయన సొంత కెమెరా. పుస్తకంలో చదివిన మొక్కకి బుర్రలో వేళ్ళు దిగవని ఆయన అంటాడట.

"ఈ ఫోటోలు పెట్టిందెవరు?"

"కృపారాణి."

కృపారాణి అంటే చిట్టియ్య కూతురు. వర్షిణి క్లాసే. శుక్రవారం సాయంత్రాలు తండ్రి కోసమని నర్సరీకి వస్తూండేది. తండ్రి కోసమనే అనుకున్నాను.

పన్నెండు వారాలు, పన్నెండు ఫోటోలు. మూడో మనిషికి తెలీకూడదన్న మొక్కలు లోకమంతా చూసేటట్టు పరిచి ఉన్నాయి. ప్రతి ఫోటో కింద బారెడు రాత. తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. రెండు వరసలు చదివేసరికి నా కళ్ళు తిరిగాయి. ఆ రాత కింద ఇంకెవరో ప్రశ్నలు వేశారు. పేరు 'గ్రీన్ లీఫ్'. మొహం ఉండాల్సిన చోట ఒక క్రోటన్ ఆకు.

"ఈ ప్రశ్నలు చదువు" అన్నాను.

వర్షిణి మెల్లిగా చదివింది. "మొత్తం ఎన్ని మొక్కలున్నాయి... నీడలో పెట్టారా, ఎండలోనా... పూత ఎప్పటికొస్తుంది..."

"ఎవడీ గ్రీన్ లీఫ్?"

"తెలీదు నాన్నా." దాని మొహం తెల్లబడింది. ఆ మొహం చూసి నాకు ఇంకా మండింది. ఎవడో మొహం దాచుకున్న మగవాడు ఆడపిల్లల క్లాసులో దూరి నా మొక్కల జాతకం కనుక్కున్నాడు. ఆ పిల్ల చెప్పింది. తండ్రి తీసిచ్చాడు. అనంతకృష్ణకి దేవుడిచ్చాడు. అంతా అద్దంలో కనిపించినట్టు కనిపించింది.

"కృపారాణి రాసింది చదవనా నాన్నా?"

"అక్కర్లేదు."

"కొంచెమే. తొమ్మిదో వారంది..."

"అక్కర్లేదన్నానా!"

చిట్టియ్య వెళ్ళే చర్చికే ఆ విజయ్ పాల్ కూడా వెళ్తాడని నాకు తెలుసు. ఆ ముక్క కూడా లెక్కలో కలిపాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ ఆ రోజు కలిపాను.

ఆ పూటే కాలేజీకి వెళితే ప్రిన్సిపాల్ నన్ను లేచి నిలబడి ఆహ్వానించాడు. ఆ ఆవరణలో మొక్కలన్నీ నేను ఊరికే వేయించినవి. చెప్పాల్సింది చెప్పాను. ఆడపిల్లలు, ఇంటర్నెట్టు, ముక్కూ మొహం తెలీని మనిషి, దొంగతనం అనే నాలుగు మాటలు ఒకే ఊపిరిలో విని ఆయన చెమటలు తుడుచుకున్నాడు. విజయ్ పాల్‌నీ కృపారాణినీ పిలిపించాడు. చిట్టియ్యకి నేనే కబురంపాను.

విజయ్ పాల్ ముప్పై లోపు మనిషి, ఆ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. నేను ఏదో గడుసువాణ్ణి ఊహించుకున్నాను. వచ్చినవాడి చొక్కా జేబు నిండా సుద్దముక్కలు.

"మూర్తిగారూ, అరవై మంది పిల్లలండి. క్లాసులో నోరెత్తని వాళ్ళు కూడా అందులో ప్రశ్నలు వేస్తున్నారు. అరిటి పిలక ఎన్ని రోజులకి ఆకు విప్పుతుందో ఒకమ్మాయి తనే కనిపెట్టింది, నాకే తెలీదు. మీరు ఓసారి చదివితే..."

"కబుర్లు చెప్పుకోడానికి కాలేజీ ఎందుకండీ? గ్రీన్ లీఫ్ అంటే ఎవరో చెప్పండి ముందు."

ఆయన తడబడ్డాడు. "కొందరు ఆడపిల్లలు మారుపేర్లతో చేరేరండి, ఇళ్ళల్లో ఒప్పుకోరని. ఎవరు ఎవరో నా దగ్గర కాగితం మీదుంది. అది మాత్రం నేను బయటపెట్టనండి, మాటిచ్చేను. కృపారాణి ఏం రాసిందో చూద్దాం, ల్యాబ్ పక్కనే."

ప్రిన్సిపాల్ అటెండరు తొంగి చూసి కరెంటు లేదన్నాడు.

కృపారాణి తలుపు దగ్గరే నిలబడింది. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, భుజాన గుడ్డసంచి. భయపడుతూనే ఉంది, కానీ కళ్ళు దించలేదు. "నేనెవరికీ మొక్కలివ్వలేదండి. ఆ రోజేమయిందంటే..."

"నువ్వూరుకోవే" అన్నాడు చిట్టియ్య వెనక నుంచి.

నేను చెయ్యెత్తి ప్రిన్సిపాల్ వైపు తిరిగాను. "చూశారా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు."

"నేను తొమ్మిదో వారంలో రాసేనండి. చదవండి సార్. ఒక్కసారి చదవండి" అంది ఆ పిల్ల.

"నేను చదవక్కర్లేదు."

ఆ మాట అన్నది నేనే. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఇంకెవరూ అనలేదు.

ఆ గంటలోనే కమ్యూనిటీ మూసెయ్యమన్నారు. విజయ్ పాల్‌ని సంగతి తేలేదాకా కాలేజీకి రావద్దన్నారు. కృపారాణి హాల్ టికెట్టు ఆపారు. సోమవారం నుంచి ప్రాక్టికల్స్. అది గురువారం. బయటికొస్తుంటే చిట్టియ్య నా కాళ్ళ మీద పడబోయాడు. "నన్ను మానిపించండి అయ్యగారూ, పిల్ల పరీక్ష మాత్రం ఆపకండి" అన్నాడు. ఆ పిల్ల వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని లేవదీసి తీసుకుపోయింది. నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం వర్షిణి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నా తినలేదు. పరీక్షల భయమేమో అనుకున్నాను. మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చోగానే వచ్చి, కంచం పక్కన ఒక కాగితం పెట్టింది.

"మూసెయ్యకముందు సేవ్ చేసుకున్నాను నాన్నా. మీరు చదవలేరని తెలుగు అక్షరాల్లో చేత్తో రాసేను."

"తిన్నాక చూస్తాలే."

"ఇప్పుడే చూడండి. ఇంకో సంగతి. గ్రీన్ లీఫ్ నేనే."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పేరు పెట్టొద్దన్నారుగా. అందుకే ఆకు బొమ్మ పెట్టుకుని చేరేను. కృపారాణి మొక్కకి ప్రశ్నలు వేసే వంతు నాకొచ్చింది. మన నర్సరీయే అయినా కూలీలున్న చోటికి నన్నెప్పుడైనా వెళ్ళనిచ్చేరా? ఎన్ని మొక్కలున్నాయో నాకెలా తెలుస్తుంది? అందుకే అడిగేను." దానికి ఏడుపొచ్చేసింది. "నిన్నే చెబ్దామనుకున్నాను, భయమేసింది. చదవనా అని రెండుసార్లు అడిగేను కదా నాన్నా."

మాణిక్యాంబ నెయ్యిగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఎడమచేత్తో కాగితం అందుకున్నాను.

'తొమ్మిదో వారం. ఈ వారం పన్నెండు మొక్కలే ఉన్నాయి. పోయిన శుక్రవారం పద్నాలుగు. మంగళవారం అనంతకృష్ణగారు లారీ లోడు చాలక మా అయ్యగారి దగ్గర ఎర్ర నూరువరహాలు మూడు వందలు తీసుకున్నారు. కొసరు అడిగితే అయ్యగారు బాట పక్క వరసలోంచి రెండు తీసి తన చేత్తోనే ఇచ్చారు. అప్పుడు నాన్న అవతల క్రోటన్లు ఎక్కిస్తున్నాడు. సాయంత్రం చూసుకుంటే ఆ రెండూ వీటిలోవే. చెబితే అయ్యగారు బాధపడతారని నాన్న చెప్పలేదు. మిగతా పన్నెండింటికీ కొత్త ఆకు వచ్చింది. పొడవు రెండు అంగుళాలు.'

దాని కింద లెక్చరరుగారి మాట: 'ఉన్నది ఉన్నట్టు రాశావు. ఇలాగే రాయి.'

చదువుతుంటే ఆ మంగళవారం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. అనంతకృష్ణ లారీ తలుపు పట్టుకుని "మూడు వందలు తీసుకుంటే రెండు కొసరు లేదాండీ మూర్తిగారూ" అనడం, కొసరు లేని బేరం బేరమేనా అని నేను వంగి, చేతికందిన వరసలోంచి రెండు కవర్లు తీసి అతని చేతిలో పెట్టడం. అతను దండం పెట్టడం కూడా గుర్తొచ్చింది. లోకం నుంచి దాచబోయి ఎర్రవాటిలో కలిపాను. అవి ఇంకా చివరి వరసలోనే ఉన్నాయనుకుని, కలిపినవాణ్ణి నేనే పోల్చుకోలేక దానం చేశాను. దేవుడిచ్చాడని అతను అన్నది వెటకారం కాదు. అతనికీ నిజంగా తెలీదు.

చెయ్యి కడుక్కుని చిట్టియ్య ఇంటికి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళలో ఆ గుమ్మం ముందు నేను నిలబడటం అదే మొదలు. చిట్టియ్య కంగారుగా మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఎలా చెప్పనండి? ఆ రోజు కూలోళ్ళందరూ అక్కడే ఉన్నారు. మీ చేత్తోనే ఇచ్చేరండి అని నలుగురిలో ఎలా అంటాను? కాలేజీలో అయితే ప్రిన్సిపాల్ గారున్నారు. మీ పరువు కదండీ."

నా పరువు కోసం వాడు కూతురి మీద దొంగతనం పడనిచ్చాడు. ఆ మాట విన్నాక నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు. అయినా 'తప్పయిపోయిందిరా' అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. "రేపు కాలేజీకి రండి, హాల్ టికెట్టు ఇప్పిస్తాను" అని మాత్రం అని వచ్చేశాను.

శనివారం ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని కాగితం రాశాను. దారంతా ఆలోచించి కూర్చుకున్న వాక్యాలవి. 'మా మొక్కలు దొరికినవి. కనుక నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.' ఇందులో అబద్ధం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అనంతకృష్ణ మెట్ల మీద దొరికాయి మరి. ప్రిన్సిపాల్ మొహం విప్పారింది. "హమ్మయ్య, పోనీలెండి" అని హాల్ టికెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. కృపారాణి బల్ల దాకా వచ్చింది. హాల్ టికెట్టు ముట్టుకోలేదు.

"ఆ కాగితం నేను చూడొచ్చాండీ?"

ప్రిన్సిపాల్ నా వైపు చూసి ఇచ్చాడు. ఆ పిల్ల నిలబడే చదివింది, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"దొరికేయంటే, ఎవరో దాచి మళ్ళీ తెచ్చి పెట్టేరనే కదండీ అర్థం. ఎవరండీ పెట్టింది?"

"అమ్మా, తీసుకోవే" అన్నాడు చిట్టియ్య. "ఎల్లుండే పరీక్ష. అయ్యగారు దయతలిచి..."

"దయెందుకు నాన్నా? నేనేం చేసేను?"

నాకు ఒళ్ళు మండింది. ఉన్నమాట చెప్పాలి, మండింది. ఇంతమంది ముందు, నా మొక్కలున్న కాలేజీలో, నా కూలివాడి కూతురు. "పరీక్ష పోతే ఏడాది పోతుంది, తెలుసా?" అన్నాను.

"పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చండి. దొంగ అన్న పేరు మళ్ళీ ఎలా పోద్దండి?" అంది. "ఆ మొక్కలిచ్చిన చెయ్యి ఎవరిదో రాయండి. అది రాస్తే తీసుకుంటాను."

చిట్టియ్య గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఈ పిల్ల నన్ను అనుమానిస్తోంది. నా ప్రతి మాటనీ అంటించిన చోటు చూసి మరీ అందుకుంటోంది. ఆ పని నేను ఇరవై ఏడేళ్ళుగా అందరికీ చేస్తున్నాను, ఎదుటివాడికి ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది. చాలా చెడ్డగా ఉంటుంది.

కొత్త కాగితం అడిగి తీసుకున్నాను. 'ఆ రెండు మొక్కలనూ నేనే నా చేత్తో అనంతకృష్ణగారికి కొసరుగా ఇచ్చి మరిచిపోయాను. కృపారాణి ఆ సంగతి డిసెంబరులోనే రాసింది. చదవమంటే నేను చదవలేదు. ఆమె గానీ, చిట్టియ్య గానీ, విజయ్ పాల్ గారు గానీ ఏ తప్పూ చెయ్యలేదు.' సంతకం చేశాను. ఆ పిల్ల మొదటి అక్షరం నుంచి తారీఖు దాకా చదివింది.

"ఇది కమ్యూనిటీలో కూడా పెట్టాలండి. క్లాసందరూ నా మొక్క సంగతి అందులోనే చదివేరు" అంది. అప్పుడు హాల్ టికెట్టు తీసుకుంది.

విజయ్ పాల్ సోమవారం డ్యూటీలోకి వచ్చాడు. నేను క్షమాపణ చెప్పబోతే "ఆ మాట అక్కడే రాయండి మూర్తిగారూ, కింద పిల్లలు ప్రశ్నలు వేస్తారు, జవాబులు కూడా చెప్పాలి మరి" అని నవ్వాడు. కమ్యూనిటీ మళ్ళీ తెరిచారు. నా కాగితాన్ని వర్షిణే టైపు చేసింది. "ఎవరి పేరుతో పెట్టను నాన్నా?" అంది. "నీ పేరుతోనే పెట్టు" అన్నాను. నలభై ప్రశ్నలొచ్చాయి. అందులో ఒకటి: కొసరు ఇచ్చే ముందు మొక్కని చూడరా అండీ? దానికి ఇంతవరకూ జవాబు రాయలేదు.

పరీక్షలయ్యాక మా పన్నెండు మొక్కలూ మొగ్గ తొడిగాయి. కృపారాణికి కబురు చేశాను, ఫోటోలు తీసుకోమని. శుక్రవారం మధ్యాహ్నం లెక్చరరు కెమెరా పట్టుకుని వచ్చింది. కానీ కవర్ల దగ్గరికి వెళ్ళలేదు. బాట మీదే ఆగిపోయింది.

"మీరు కూడా రండి సార్."

"నువ్వెళ్ళమ్మా. నీ మొక్కల్లాంటివే కదా."

"నేనున్నంతసేపూ మీరు పక్కనే ఉండాలండి" అంది.

వెళ్ళి నిలబడ్డాను. ఎండ మాడు మీద కొడుతోంది. ఒక్కో మొక్కనీ లెక్కపెట్టింది, పైకి, నాకు వినపడేటట్టు. పన్నెండు. "పన్నెండేనాండీ?" అని అడిగింది. పన్నెండే అన్నాను. పుస్తకంలో రాసుకుంది. వెన్నరంగు మొదటి గుత్తి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆ కాసేపూ దాని మొహంలో నేను లేను, సంతోషంగా ఉంది. ఫోటో తీసి లేచాక మళ్ళీ మామూలైపోయింది.

వెళ్ళబోతూ గుడ్డసంచిని నా ముందు తలకిందులు చేసి దులిపింది. ఒక పెన్ను, రెండు పుస్తకాలు, టిఫిన్ డబ్బా నేల మీద పడ్డాయి. డబ్బా మూత తీసి చూపించింది. తరవాత రెండు అరచేతులూ చాపింది.

"చూడండి సార్."

"వద్దమ్మా, నేను చూడక్కర్లేదు" అన్నాను.

"చూడండి" అంది.

చూశాను.